చిన్నబిడ్డ చెప్పిన మాట



మా సంఘంలో ఒక పెద్దావిడ ఉన్నారు. కూతురు, అల్లుడు అమెరికాలో ఉంటారు. మనవడు అక్కడ రెండో తరగతి చదువుతున్నాడు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె మమ్మల్ని పక్కకు పిలిచి, "అమ్మగారూ, మా మనవణ్ణి బళ్లో కౌన్సిలర్ పిలిపించిందట. వారానికొకసారి కూర్చోబెట్టి మాట్లాడుతుందట. ఓట్లేసి గెలిపించే కౌన్సిలర్‌కి చిన్నపిల్లలతో ఏం పనమ్మా?" అని అడిగారు.

మాకు నవ్వొచ్చింది. కౌన్సిలర్ అంటే మనకు తెలిసినది మునిసిపాలిటీ కౌన్సిలరే కదా! కానీ ఆమె రెండో ప్రశ్నకు నవ్వు ఆగిపోయింది. "నిజం చెప్పండి, మా పిల్లోడికి పిచ్చని అనుకుంటున్నారా వాళ్లు?" అన్నారు. అప్పటికే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

విషయం కనుక్కుంటే పెద్దదేమీ కాదు. వాళ్లు వేరే ఊరికి ఇల్లు మారారు. కొత్త బడిలో చేరాక పిల్లవాడు తరగతిలో నోరు విప్పడం మానేశాడు. అది చూసిన టీచరు ఆ బడిలోని కౌన్సిలర్‌కు చెప్పింది. అంతే. అయినా ఆ పెద్దావిడ భయం మనలో చాలామందికి ఉన్న భయమే. అందుకని ఈ నెల ఈ శీర్షికలో, చిన్న పిల్లల బడిలో కౌన్సిలర్ చేసే పని ఏమిటి, ఆ పని చేసే మనిషి లేని మన ఊళ్ల సంగతి ఏమిటి అన్నది కలిసి ఆలోచిద్దాం.

కౌన్సిలర్ అంటే ఎవరు?

పిల్లల మాట వినడానికి, వారికి దారి చూపడానికి శిక్షణ పొందిన మనిషి బడి కౌన్సిలర్. బెత్తం పట్టుకునే మనిషి కాదు, మందులు రాసే డాక్టరు కాదు. కౌన్సిలర్ దగ్గరకు వెళ్లిన పిల్లలందరికీ జబ్బు ఉన్నట్టూ కాదు.

అమెరికాలో ఈ పని మొదట పెద్ద పిల్లల బడుల్లోనే ఉండేది. ఏ చదువు చదవాలి, ఏ ఉద్యోగానికి వెళ్లాలి అని సలహా చెప్పేవారు. 1957లో సోవియట్ రష్యా స్పుత్నిక్‌ను ఆకాశంలోకి పంపింది. తమ పిల్లలు చదువులో వెనకబడిపోతారేమోనని అమెరికా భయపడింది. 1958లో ఒక చట్టం చేసి హైస్కూలు పిల్లలకు దారి చూపే కౌన్సిలర్ల కోసం డబ్బు కేటాయించింది. 1964లో ఆ సాయాన్ని చిన్న పిల్లల బడులకూ ఇచ్చారు. అప్పుడు ఒక ప్రశ్న వచ్చింది. ఆరేళ్ల బిడ్డకు ఉద్యోగ సలహా అక్కరలేదు కదా, మరి అక్కడ కౌన్సిలర్ పని ఏమిటి? 1966లో ఆ వృత్తివారి రెండు సంఘాలు కలిసి వేసిన కమిటీ మూడు పనులు చెప్పింది.

మొదటిది, బిడ్డ మాట వినడం. ఒంటరిగా గానీ, నలుగురైదుగురిని కలిపి గానీ కూర్చోబెట్టుకుని వాళ్ల మనసులో ఉన్నది చెప్పనివ్వడం. రెండోది, బిడ్డ చుట్టూ ఉన్న పెద్దలతో, అంటే టీచర్లతోనూ తల్లిదండ్రులతోనూ ఆలోచన చెయ్యడం. ఎందుకంటే చిన్నబిడ్డ తన బ్రతుకును తానుగా మార్చుకోలేడు, పెద్దలు మారితేనే మారుతుంది. మూడోది, బిడ్డకు కావలసిన సాయాన్ని కూడగట్టడం. కళ్లు కనబడకపోతే కళ్ల డాక్టరు, ఇంట్లో తిండి లేకపోతే దానికి తగిన సాయం, ప్రమాదంలో ఉంటే చట్టం.

ఒక్కో కౌన్సిలర్‌కు 250 మంది పిల్లలకు మించి ఉండకూడదని అక్కడి బడి కౌన్సిలర్ల సంఘం సిఫారసు. అంతకంటే ఎక్కువమంది పిల్లలను చూసుకునేవారు అక్కడా చాలామంది ఉన్నారు.

ఇదంతా ఆ పెద్దావిడకు వివరించి, "మీ మనవడికి పిచ్చీ లేదు, వాడు తప్పూ చెయ్యలేదు. వాడి మాట వినడానికి అక్కడ ఒక మనిషిని జీతమిచ్చి పెట్టారు" అని చెప్పాము. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, "మరి మన ఊళ్లో పిల్లలకు ఎవరున్నారమ్మా?" అన్నారు.

మన బడుల సంగతి

ఆ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలి. మన విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉంది. 1 నుండి 5 తరగతుల బడిలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు ఉండాలని ఆ చట్టం లెక్క చెప్పింది. పిల్లలు 150 మంది దాటితే ప్రధానోపాధ్యాయుడు ఉండాలన్నది. ఆ పట్టికలో కౌన్సిలర్ అన్న మాట లేదు. 2020 నాటి జాతీయ విద్యా విధానం శిక్షణ పొందిన కౌన్సిలర్లను, సామాజిక కార్యకర్తలను బడుల్లోకి తీసుకురావాలని రాసింది. మంచి మాటే. కానీ మన పల్లెలో ప్రాథమిక పాఠశాల గడప దగ్గర నిలబడి చూస్తే కనబడేది ఒకరో ఇద్దరో టీచర్లు, వంట చేసే అమ్మ, గదుల నిండా పిల్లలు.

అంటే కౌన్సిలర్ పని మన ఊళ్లో లేదనా? పని ఉంది, ఆ పేరుతో మనిషి లేడు. ఆ పనిని ఎవరో ఒకరు బాగానో చెడుగానో చేస్తూనే ఉన్నారు. ఒక పిల్లవాడి విషయంలో ఒకరు దాన్ని ఎంత బాగా చేశారో, మేము ఎంత చెడగొట్టామో చెబుతాము.

కొన్నేళ్ల కిందటి మాట ఇది. పిల్లవాణ్ణి ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాము. రాసినదంతా అతనికీ, అతని తల్లికీ చదివి వినిపించి, వారు సరేనన్నాకనే అచ్చుకు ఇస్తున్నాము. ఇంత జాగ్రత్త ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

సోమవారపు కడుపునొప్పి

అతను అప్పుడు మూడో తరగతి. సోమవారం వచ్చిందంటే కడుపునొప్పి. పొట్ట పట్టుకుని చాప మీద ముడుచుకుని పడుకునేవాడు. తల్లి ఆర్.ఎం.పి. డాక్టరుకు చూపిస్తే నులిపురుగుల మందు ఇచ్చాడు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్తే కడుపులో ఏమీ లేదన్నారు. ఇరుగుపొరుగువారు దిష్టి అన్నారు. మనవాళ్లలో కొందరు అపవిత్రాత్మ అన్నారు. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో పిల్లవాణ్ణి ముందు కూర్చోబెట్టి, నలుగురం తల మీద చేతులుంచి ప్రార్థించాము. వాడు కళ్లు మూసుకోలేదు. ప్రార్థన అయ్యేదాకా తలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు. అది మేము చూశాము గానీ ఎందుకని ఆలోచించలేదు.

ఆ బడిలో ఇద్దరే టీచర్లు. అందులో ఒకావిడ హిందూ సోదరి, మన సంఘంతో ఆమెకు సంబంధం లేదు. ఆమె ఒక సంగతి గమనించింది. మధ్యాహ్న భోజనం గంట కొట్టగానే పిల్లలందరూ పళ్లేలు పట్టుకుని వరుసలో నిలబడితే, వీడు ఇంటికి పరుగెత్తేవాడు. గుడ్డు పెట్టే రోజున కూడా ఆగేవాడు కాదు. పది నిమిషాలకు తిరిగి వచ్చి మిగిలిందేదో తినేవాడు.

ఇంకొకరైతే గేటు దగ్గర పట్టుకుని రెండు తగిలించేవారు. ఆమె ఒకరోజు వాడి వెనకాలే నడిచి వెళ్లింది. పిల్లవాడు తమ ఇంటి దడి దాకా వెళ్లి ఆగాడు. లోపల తల్లి అంట్లు తోముకుంటోంది. వాడు పిలవలేదు, లోపలికి పోలేదు. ఆమెను ఒక్కసారి చూసుకుని వెనక్కి తిరిగాడు.

టీచరు ఏమీ అడగలేదు. "పద నాన్నా, అన్నం చల్లారిపోతుంది" అంది. మర్నాటి నుంచి భోజనాల దగ్గర వాణ్ణి తన పక్కన కూర్చోబెట్టుకుంది. చాలా రోజులు వాళ్లిద్దరూ ఊరికే తిన్నారు. ఒకరోజు గుడ్డు పెంకు వలుస్తూ పిల్లవాడే అన్నాడు: "టీచర్, నేను ఇంటికెళ్లేసరికి మా అమ్మ లేకపోతే?"

ఆ ఒక్క మాట వెనకాల అంతా ఉంది. శనివారం కూలి డబ్బులు చేతికి రాగానే తండ్రి తాగి వచ్చేవాడు, తల్లిని కొట్టేవాడు. అలాంటి ఒక రాత్రి ఆమె, "ఏ బావిలోనో పడి చస్తాను, పీడ విరగడవుతుంది" అంది. బాధలో అన్న మాట, తెల్లారేసరికి ఆమె మర్చిపోయింది. పక్కలో నిద్రపోతున్నాడనుకున్న పిల్లవాడు మర్చిపోలేదు. ప్రతి సోమవారం తల్లిని వదిలి బడికి వెళ్లడం వాడికి ప్రాణం మీదికి వచ్చేది.

టీచరు తల్లిని పిలిపించింది. నిందించలేదు. పిల్లవాడు విన్నది చెప్పి, "నిజంగా చనిపోవాలని అనిపిస్తోందా అమ్మా?" అని సూటిగా అడిగింది. ఆ తల్లి చాలాసేపు ఏడ్చి, మనసులో ఉన్నదంతా చెప్పుకుంది. మళ్లీ అలాంటి ఆలోచన వస్తే ఒంటరిగా ఉండకుండా ఎవరి ఇంటికి వెళ్లాలో, ఏ డాక్టరును కలవాలో ఇద్దరూ కూర్చుని అనుకున్నారు. రోజూ పొద్దున బడికి పంపేటప్పుడు, "నువ్వొచ్చేసరికి నేను ఇంటి దగ్గరే ఉంటాను" అని బిడ్డకు చెప్పమంది, అలాగే ఉండమంది. ఆ తర్వాత, ఆ తల్లి మన సంఘస్థురాలు గనుక, ఆమెను అడిగి మా దగ్గరకు వచ్చింది.

గమనించారా? బిడ్డ మాట వినడం, పెద్దలతో ఆలోచన చెయ్యడం, సాయం కూడగట్టడం. పుస్తకంలో రాసిన మూడు పనులూ ఆ సోదరి అన్నం పళ్లెం దగ్గర కూర్చుని చేసింది.

మేము చేసిన తప్పు

ఆమె మమ్మల్ని రెండే అడిగింది. "ఆదివారం వాణ్ణి కాస్త కనిపెట్టుకుని ఉండండి. ఈ సంగతి మీ దగ్గరే ఉంచండి."

ఆ వారం స్త్రీల కూడికలో ప్రార్థన మనవులు చెప్పుకుంటున్నాము. మా మనసు నిండా ఆ బిడ్డే ఉన్నాడు. పేరు చెప్పేశాము. తండ్రి తాగుడు చెప్పాము, తల్లి అన్న మాట కూడా చెప్పాము. భారంతో ప్రార్థించండి అన్నాము. అందరూ కన్నీళ్లతో ప్రార్థించారు. మంచి పని చేశామనుకునే ఇంటికి వచ్చాము.

సాయంత్రానికి ఆ మాట కుళాయి దగ్గరకు చేరింది. రాత్రికి కల్లు దుకాణానికి చేరింది. అక్కడ ఎవరో తండ్రిని చూసి నవ్వారు. ఇంటి గుట్టు రచ్చకెక్కించాడని ఆ రాత్రి ఆయన పిల్లవాణ్ణి కొట్టాడు. అంతకు ముందు ఎన్నడూ వాడి మీద చెయ్యి వెయ్యని మనిషి.

సోమవారం పిల్లవాడు బడికి వచ్చాడు. మధ్యాహ్నం టీచరు పక్కన కూర్చోలేదు. ఆమె పలకరిస్తే తల వంచుకున్నాడు. మా సండేస్కూలుకు రావడం మానేశాడు.

ఆ టీచరు మమ్మల్ని పెద్దగా ఏమీ అనలేదు. "వాడు నన్ను నమ్మి చెప్పాడండీ. ఇప్పుడు వాడికి నేనూ అందరిలాంటిదాన్నే" అంది. ఆ మాట మాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

ఏలీ విన్న తీరు

ఆ రోజుల్లో మేము సమూయేలు మొదటి గ్రంథం 3వ అధ్యాయం మళ్లీ మళ్లీ చదువుకున్నాము. సండేస్కూలులో ఈ కథ ఎన్నిసార్లు చెప్పామో లెక్కలేదు. రాత్రి దేవుడు బాలుడైన సమూయేలును పిలవడం, అతడు ఏలీ పిలిచాడనుకుని మూడుసార్లు పరుగెత్తడం, అంతవరకే చెప్పి ఆపేసేవాళ్లం. తెల్లవారాక జరిగినది చెప్పేవాళ్లం కాదు.

తెల్లవారాక ఏమి జరిగింది? సమూయేలు మందిరపు తలుపులు తీశాడు గానీ, విన్నది ఏలీకి చెప్పడానికి భయపడ్డాడు. ఎందుకంటే ఆ మాట ఏలీ ఇంటి మీదికి రాబోయే తీర్పు. తనను పెంచుతున్న పెద్దాయన ఇంటి చెడ్డ సంగతి ఒక చిన్నబిడ్డ నోట్లో ఉంది. ఏలీయే అతణ్ణి పిలిచి, ఏమీ దాచకుండా చెప్పమన్నాడు. బాలుడు అంతా చెప్పాడు. ఏలీ అతణ్ణి కొట్టలేదు, కసరలేదు, అబద్ధమనలేదు. అది దేవుని మాట అని ఒప్పుకున్నాడు.

ఏలీ అన్నిటిలో ఆదర్శం కాడు. సొంత కుమారులను అదుపు చెయ్యలేదని దేవుడే అతణ్ణి గద్దించాడు. అయినా ఆ రాత్రి మూడుసార్లు నిద్ర చెడినా విసుక్కోలేదు. ఆ ఉదయం తనకు నచ్చని సంగతిని బిడ్డ నోటి నుండి నెమ్మదిగా విన్నాడు. మన ఇంటి తప్పును మన బిడ్డ చెప్పినప్పుడు మనం అలా వినగలమా? ఆ తండ్రి వినలేకపోయాడు. వినే అవకాశాన్ని మేము పాడు చేశాము.

మేము ఆ ఇంటికి వెళ్లాము. తల్లిని క్షమించమని అడిగాము. తర్వాత పిల్లవాణ్ణి అడిగాము. "నీ మాట మేము బయట పెట్టాము నాన్నా. అది తప్పు. మమ్మల్ని క్షమించు" అన్నాము. చిన్నపిల్లవాడి ముందు నిలబడి ఆ మాట అనడం మాకు తేలిక కాలేదు. వాడు కాలి బొటనవేలితో నేల గీస్తూ, "మళ్లీ చెప్తారా?" అని అడిగాడు. చెప్పమన్నాము. వాడు అప్పుడే నమ్మలేదని మాకు తెలుసు.

చెప్పకూడనిది, చెప్పి తీరవలసినది

ప్రియులారా, మా తప్పు ఒక వైపుది. సంఘాలలో రెండో వైపు తప్పు కూడా ఉంది, అది ఇంకా పెద్దది. చెప్పకూడని చోట చెప్పుకుంటాము, చెప్పవలసిన చోట మూసిపెడతాము. ఒక బిడ్డ మీద లైంగికంగా ఎవరైనా చెయ్యి వేస్తే, కుటుంబం పరువు, సంఘం పరువు అని పెద్దలు నలుగురూ కూర్చుని సర్ది పంపేస్తారు. తప్పు చేసినవాడు చుట్టమైనా, టీచరైనా, సేవకుడైనా అది దేవుని ఎదుట పాపం, చట్టం ఎదుట నేరం.

2012లో వచ్చిన పోక్సో చట్టం 19వ సెక్షను ప్రకారం, అలాంటి నేరం జరిగిందని తెలిసినవారు ఎవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షను కింద శిక్ష ఉంది. బిడ్డను స్టేషనుకు ఈడ్చుకెళ్తారని భయపడకండి. బిడ్డ ఇంటి దగ్గరే, వీలైనంతవరకు మహిళా అధికారి, యూనిఫాం లేకుండా వచ్చి వాంగ్మూలం తీసుకోవాలని, రాత్రిపూట బిడ్డను స్టేషనులో ఉంచకూడదని ఆ చట్టమే చెబుతోంది. బిడ్డ పేరు పత్రికల్లో రాయకూడదు. తప్పు చేసినవాణ్ణి క్షమించడం వేరు, తప్పును దాచిపెట్టడం వేరు.

శిక్షణ పొందిన కౌన్సిలర్ ఈ రెండింటి మధ్య గీతను ముందే గీసుకుంటుంది. బిడ్డ చెప్పినది సాధారణంగా ఎవరికీ చెప్పదు. కానీ బిడ్డ తనకు తాను హాని చేసుకునేలా ఉన్నా, ఇంకొకరికి హాని చేసేలా ఉన్నా, ఎవరైనా బిడ్డకు హాని చేస్తున్నా, కాపాడగలిగిన వారికి చెబుతుంది. ఈ సంగతి మొదటి రోజునే బిడ్డకు అర్థమయ్యే మాటల్లో చెబుతుంది. అందుకని మనమూ "ఎవరికీ చెప్పను, ఒట్టు" అని బిడ్డకు మాట ఇవ్వకూడదు. "ఊళ్లో చెప్పను. నిన్ను కాపాడటానికి అవసరమైతే, కాపాడగలిగిన వారికి మాత్రమే చెబుతాను. ముందు నీకు చెప్పే చెబుతాను" అనాలి.

మన చేతిలో ఉన్న పని

ఒకటి. బిడ్డలో మార్పును గమనించండి. బడి రోజుల్లోనే వచ్చే కడుపునొప్పి, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, రాత్రి ఉలిక్కిపడటం, ఆటలు మానెయ్యడం, ఒక మనిషిని చూడగానే వణకడం. ఇవి కనబడితే బద్ధకమనీ దయ్యమనీ తీర్మానించకండి.

రెండు. ముందు డాక్టరుకు చూపించండి. కొన్నిసార్లు నల్లబల్ల కనబడకే బిడ్డ చదవడు, చెవి వినబడకే జవాబు చెప్పడు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు ప్రభుత్వ బడులకు వచ్చి పిల్లలను పరీక్షిస్తాయి. ఆ బృందం ఎప్పుడు వస్తుందో టీచరును గానీ ఆశా కార్యకర్తను గానీ అడగండి.

మూడు. పని చేసుకుంటూ వినండి. చింతపండు గింజలు తీస్తూ, వేరుశెనగ కాయలు వలుస్తూ పక్కన కూర్చోబెట్టుకోండి. ఎదురుగా నిలబెట్టి "ఎందుకలా ఉన్నావు?" అని గద్దిస్తే బిడ్డ నోరు మూసుకుపోతుంది. చెప్పినదాన్ని పదిమంది పదిసార్లు మళ్లీ అడగకండి.

నాలుగు. బెత్తం పక్కన పెట్టండి. విద్యాహక్కు చట్టం 17వ సెక్షను బడిలో కొట్టడాన్నీ, మనసు నొప్పించడాన్నీ నిషేధించింది. సామెతల గ్రంథంలో బెత్తం మాట ఉంది కదా అంటారేమో. చిన్నపిల్లలను ఆటంకపరచిన శిష్యుల మీద ప్రభువు కోపగించుకుని, ఆ పిల్లలను ఎత్తి కౌగిలించుకున్నాడని మార్కు సువార్త 10వ అధ్యాయంలో ఉంది. దెబ్బలు తిన్న బిడ్డ భయం నేర్చుకుంటాడు, భయపడిన బిడ్డ దాచడం నేర్చుకుంటాడు.

అయిదు. ప్రార్థన మనవులలో పిల్లల పేర్లు, ఇళ్ల సంగతులు చెప్పకండి. మా స్త్రీల కూడికలో ఇప్పుడు "ఒక బిడ్డ కోసం" అని మాత్రమే అంటాము. ఆ బిడ్డ ఎవరో దేవునికి తెలుసు.

ఆరు. ప్రతి సండేస్కూలులో నిదానంగా వినగల ఒకరిద్దరిని ఆ పనికి ఏర్పరచండి. బిడ్డతో మాట్లాడేటప్పుడు తలుపులు వెయ్యకండి. నలుగురికీ కనబడేటట్టు, మాట మాత్రం వినబడనంత దూరంలో కూర్చోండి. అది బిడ్డకూ క్షేమం, మీకూ క్షేమం.

ఏడు. పాఠశాల కమిటీలో కూర్చోండి. చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే, సభ్యులలో సగం మంది స్త్రీలు. పిల్లల మాట వినడంలో మన టీచర్లకు శిక్షణ ఇప్పించమని, కౌన్సిలర్‌ను అప్పుడప్పుడైనా పంపమని తీర్మానం రాసి అధికారులకు పంపండి. అడగందే అమ్మైనా అన్నం పెట్టదు.

ఈ నంబర్లు బైబిలు అట్ట లోపల రాసి పెట్టుకోండి. పిల్లల కోసం 1098. కొట్టబడుతున్న స్త్రీల కోసం 181. మనసు కుంగిపోయి, బ్రతకాలని లేదనిపించినవారి కోసం 14416. ఇది 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్, తెలుగులోనూ మాట్లాడతారు. తక్షణ ప్రమాదమైతే 112.

ఆ పిల్లవాడు

ఆ తండ్రి ఒక్కరోజులో మారలేదు. ఇరవై ఏళ్ల కిందట తాగుడు మానిన మన సంఘ పెద్ద ఒకాయన, రోజూ సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లి కూర్చునేవారు. ఆయన మానాడు, మళ్లీ తాగాడు, మళ్లీ మానాడు. ప్రమాదమనిపించిన రాత్రులు తల్లీ బిడ్డా అక్క ఇంట్లో పడుకునేవారు. కొన్ని నెలలకు పిల్లవాడు టీచరు పక్కన మళ్లీ కూర్చున్నాడు. సండేస్కూలుకు రావడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. వచ్చినా తలుపు దగ్గరే కూర్చునేవాడు. మేము ముందుకు రమ్మని ఎన్నడూ బలవంతం చెయ్యలేదు.

ఇప్పుడతను హైస్కూలులో ఉన్నాడు. ఈ వ్యాసం చదివి వినిపించినప్పుడు కొంచెంసేపు ఊరుకుని, "గుడ్డు సంగతి ఉంచండి అమ్మగారూ" అన్నాడు. అందుకే ఉంచాము.

మన ఊళ్లో పిల్లలకు ఎవరున్నారని అడిగిన ఆ పెద్దావిడకు మా జవాబు ఇది. బడులకు కౌన్సిలర్లు రావాలి, వారి కోసం అడుగుతూనే ఉండాలి. వారు వచ్చేదాకా బిడ్డ పక్కన కూర్చుని అన్నం తినే ఒక్క పెద్ద మనిషి, విన్నది కడుపులో పెట్టుకోగల ఒక్క మనిషి ప్రతి ఊళ్లో ఉండాలి. ఆ మనిషి మీరు కావచ్చు.

కుటుంబ ప్రార్థనలో మాట్లాడుకోవడానికి

1. మన ఇంట్లో పిల్లలు భయపడినప్పుడు మొదట ఎవరి దగ్గరకు వెళ్తారు? వారినే అడిగి తెలుసుకోండి.

2. ఒక బిడ్డ నమ్మి చెప్పిన మాటను మనం ఎప్పుడైనా బయట పెట్టామా? ఆ బిడ్డను క్షమాపణ అడిగామా?

3. బిడ్డను కాపాడటానికి చెప్పి తీరవలసినదాన్ని పరువు కోసం దాచామా?

ప్రార్థన: ప్రభువా, చిన్నబిడ్డల మాట వినే ఓపిక మాకు దయచేయుము. విన్నదానిని కాపాడే నోటిని, కాపాడవలసిన వేళ మాట్లాడే ధైర్యాన్ని మాకిమ్ము. ఆమేన్.